అనుపు దాకా తాళం

రెండువేల పదహారు ఎండాకాలం మా ఇంట్లో "అమ్మొచ్చింది" అన్న మాట పూటకోసారైనా వినబడేది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఆ మాట విని గుమ్మం వైపు తిరిగి చూసేవారు. గుమ్మంలో ఎవరూ ఉండేవారు కారు. మేడమెట్ల మీద ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని మా అమ్మాయి హర్షిత ఒక్కతే ఉండేది. ఇంట్లో సిగ్నల్ సరిగా అందేది ఆ మెట్ల మీదే.

నా భార్య నీలవేణి అప్పుడు మస్కట్‌లో ఒక ఆస్పత్రిలో నర్సు. కిందటి దసరా వెళ్లాక ఏడాది ఒప్పందం మీద వెళ్లింది. వెళ్లేముందు ఒక ట్యాబ్ కొని, అందులో పొలం ఆట ఒకటి పెట్టించి, అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో తన ఫోన్లోనూ పెట్టుకుంది. బొమ్మ మడులు, బొమ్మ నుయ్యి, తోక ఆడించే బొమ్మ కుక్క. నాగలి బొమ్మ మీద వేలు పెట్టి మడి మీదకు లాగితే దున్నినట్టు. విత్తనం వేసి, నీళ్లు పెట్టి, వేళకి కోసుకోవాలి. లేకపోతే ఎండిపోతుంది. నేను నిజం పొలం చేసేవాణ్ణి కాబట్టి అందులో నాకేమీ వింత కనిపించలేదు.

ఆ ఆటకి ఒక గుణం ఉంది. ఒక పేరు మీద ఒకసారి ఒక్కరే లోపల ఉండాలి. అక్కడ తల్లి ఫోన్ తెరిచిందంటే ఇక్కడ పిల్లని బయటికి నెట్టేసి, ఈ ఆట వేరే చోట తెరిచారు అని ఇంగ్లీషులో ఒక ముక్క చూపించేది. ఇంకో పిల్లయితే చిరాకుపడేది. హర్షిత మాత్రం "అమ్మొచ్చింది" అని ట్యాబ్ బోర్లించి, బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చునేది. కాసేపాగి తెరిచి, తల్లి ఏ మడికి నీళ్లు పెట్టిందో, ఏది కోసిందో చూసుకునేది. తాను వేసిన కంది తల్లి కోసేది. తల్లి దున్నిన మడిలో తాను మిరప వేసేది. ఇద్దరూ ఒకేసారి ఆ పొలంలో నిలబడడానికి మాత్రం లేదు.

ఎందుకింత వివరంగా చెబుతున్నానంటే, నీలవేణి వెళ్లిన రోజు నుంచి హర్షిత తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. శుక్రవారం నీలవేణికి సెలవు. ఆ దేశంలో నెట్ కాల్స్ పోవు కాబట్టి కార్డు కొనుక్కుని మామూలు ఫోన్ చేసేది. నేను ఫోన్ పిల్ల చెవి దగ్గర పెట్టేవాణ్ణి. తల్లి మాట్లాడినంతసేపూ వినేది. అయిపోయాక నా చేతికి ఇచ్చేసి వెళ్లిపోయేది. ఎనిమిదేళ్ల పిల్లని ఏమని అడుగుతాం?

"మాట్లాడకపోతే పోనీలెండి," అనేది నీలవేణి. "పొద్దున్నే చూసేసరికి అన్ని మడులకీ నీళ్లు పెట్టి ఉంటున్నాయి. అది చాలు నాకు."

ఆవిడ పాట్లు ఆవిడవి. హాస్టల్లో వైఫై వంటగది ఫ్రిజ్ పక్కనే అందేది. ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి కందిచేను కోస్తుంటే కేరళ అమ్మాయిలు ఏడిపించేవారట. మన ఛార్జర్ పిన్ను అక్కడి గోడకి పట్టదు. మధ్యలో పెట్టే మూడు పిన్నుల బిళ్లని ఎవరో ఒకరు పట్టుకుపోయేవారు. ఒకసారి ఫోన్ వాష్‌బేసిన్‌లో పడితే బియ్యం డబ్బాలో కప్పెట్టింది. "బాసుమతి బియ్యమండి, మన ఫోన్‌కి ఎంత భోగమో చూడండి," అని నవ్వింది. బతికింది గానీ, అప్పటినుంచి ఛార్జింగ్ వైరు ఒక పక్కకి వంచి చేత్తో పట్టుకుంటేనే ఎక్కేది.

వైశాఖంలో మా ఊరి పోలమ్మ తల్లికి రాట వేశారు. మూడేళ్లకోసారి పండగ. రాట వేసింది మొదలు అనుపు చేసి తల్లిని సాగనంపేదాకా మా ఊళ్లో భూమిలో నాగలి దిగకూడదు, గునపం దిగకూడదు. తల్లి ఊళ్లోకి వచ్చి కూర్చుంటే మట్టి కదపకూడదని మా పెద్దల మాట. నేను పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టందే పొలం వెళ్లను. అలాంటివాణ్ణి, ఈ మాట మీద ఎన్నడూ తర్కించలేదు. మెట్ట పొలంలో గోగు వెయ్యడానికి అదను వచ్చినా నాగలి తీసి గోడకి ఆనించేశాను.

ఆ సాయంత్రం మా అమ్మ కూర్మమ్మ మెట్ల పక్కన కూర్చుని దీపారాధనకి వత్తులు చేస్తోంది. చేస్తూ చేస్తూ ట్యాబ్‌లోకి తొంగిచూసింది.

"ఓలమ్మ! ఇదేటే గుంటా, దున్నీస్తన్నావు?"

"ఇది బొమ్మ, నానమ్మా."

"బొమ్మైతే నిన్న కంది కోసీనానని ఈదంతా సెప్పుకొచ్చినావేటి? కొయ్యడానికి నిజమూ, దున్నడానికి బొమ్మానా?"

"ఇందులో ఇనుము లేదు. వేలే."

"ఆ యేలు ఎవులింటిది? మనింటిది కాదేటి?"

హర్షిత వేలు తీసేసింది. ఆ వేలు చూసుకుంటూ అడిగింది: "దున్నితే ఏటవుతాది?"

"మా పెదమావ ఒకేడు ఎవులూ సూడ్డం నేదని మెట్టలో అరక కట్టినాడు. అనుపు అవకముందే ఒళ్లంతా అమ్మవారు పోసినాది. అరిటాకు మీద పడుకోబెట్టినాం."

"పిల్లని భయపెట్టకే అమ్మా," అన్నాను.

"నానేటి భయపెట్టినాను? జరిగినది సెప్పినాను," అంది మా అమ్మ, వత్తిని తొడ మీద గట్టిగా నులుముతూ.

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. పొలానికి నీళ్లు పెడుతూ తర్వాత అదే ఆలోచించాను. పోలమ్మ తల్లి పొలిమేర ఎక్కడిదాకా? తూర్పున పారే గెడ్డ, పడమట రైలుకట్ట. మరి ఆ బొమ్మ పొలం ఎక్కడుంది? ట్యాబ్‌లో తెరిస్తే మా ఊళ్లో ఉంది. నీలవేణి తెరిస్తే మస్కట్‌లో ఉంది. ఎవరూ తెరవనప్పుడు ఎక్కడుంటుంది? నా పదో తరగతి చదువుకి అది అందలేదు. దండం పెట్టుకుని మోటారు కట్టేశాను.

ఆ శుక్రవారం నీలవేణి ఫోన్ చేసినప్పుడు రాట వేసిన సంగతి చెప్పాను.

"ఓహో, అయితే మీకు సెలవులే," అంది. "ఇక్కడ నాకు ఊపిరాడ్డం లేదు. నన్ను వేరే వార్డులో వేశారు. వార్డంతా అమ్మవారు పోసినవాళ్లే. పెద్దవాళ్లకి పోస్తే మరీ కష్టమండి. పాపని ఇవ్వండి."

స్పీకర్ పెట్టే ఉంది. పిల్ల నా పక్కనే ఉంది. ఎప్పటిలాగే వింది, ఎప్పటిలాగే ఫోన్ ఇచ్చేసి మెట్లెక్కింది. ఆ రోజు కాస్త తొందరగా ఎక్కిందని ఇప్పుడు అనిపిస్తుంది.

పండగ బట్టలకి చీపురుపల్లి వెళ్తుంటే తనూ వస్తానంది, ట్యాబ్ పట్టుకుని. స్టేషన్ రోడ్డులో మా అక్క కొడుకు గిరిబాబుకి సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు ఉంది. పిల్లని అక్కడ కూర్చోబెట్టి నేను బట్టల కొట్టుకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బావామరదళ్లిద్దరూ ఏదో గుసగుసలాడుతున్నారు.

"ఏట్రా గిరీ, ఏం రిపేరు?"

"ఏం నేదు మావా. మా ఇద్దరి మజ్జన యాపారం," అన్నాడు. హర్షిత ట్యాబ్‌ని సంచిలో అడుగున పెట్టి పైన కొత్త బట్టలు పెట్టింది.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో "అమ్మొచ్చింది" అన్న మాట లేదు. ట్యాబ్ దేవుడి గదిలో, పీట కింద ఉంది. పండగ సందడిలో పడిపోయిందనుకున్నాను. ఇంటినిండా ఆడపడుచులు, ఘటాలకి పసుపు రాయడాలు, వీధుల్లో డప్పులు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. నీలవేణి గొంతు మామూలుగా లేదు.

"పాప పాస్‌వర్డ్ మార్చేసిందండి."

"అదేమిటి?"

"నా పేరు కొట్టాను. దాని పేరు కొట్టాను. పుట్టినరోజు కొట్టాను. ఆ బొమ్మ కుక్క పేరు కూడా కొట్టాను. చాలు, రేపు రమ్మని ఆటే నన్ను గెంటేసింది. రోజూ ఇంతే."

"ఎవరైనా దొంగ..."

"కందిచేను ఎత్తుకుపోయే దొంగ ఎవడుంటాడండీ?" నవ్వబోయింది. నవ్వు రాలేదు. "నాకర్థమైంది లెండి. మాట్లాడకపోయినా పొలంలోకి రానిస్తోంది కదా అని సంతోషించేదాన్ని. డ్యూటీ అయ్యాక ఆ ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తేదాన్ని. నేను రావడం, పోవడం దానికి తెలుస్తుంది కదా అని. ఇప్పుడు ఆ తలుపూ వేసేసింది."

"చిన్నపిల్ల, నీలా..."

"ఇంకో రెండేళ్లు ఉంటారా అని ఇక్కడ అడుగుతున్నారు. ఈ నెలాఖరులోగా సంతకం పెట్టాలి. పెట్టను, దసరాకి వచ్చేస్తానని మీకు చెబుదామనుకున్నాను. కానీ పెట్టేస్తానండి. నన్ను చూడాలని లేనిచోటికి పరిగెత్తుకొచ్చి..."

కార్డు అయిపోయినట్టుంది. మాట తెగిపోయింది. తిరిగి చేస్తే మోగలేదు.

ఇన్నాళ్లూ ఒక లెక్కలో ఉన్నాను: దసరా, గోగు కోత, నీలవేణి. మూడూ ఒకేసారి వస్తాయని. ఇంకో రెండేళ్లంటే, ఈ పిల్ల తల్లితో మాటే మర్చిపోదూ?

ఆ మధ్యాహ్నమే గిరిబాబు మా అక్కని తీసుకుని పండగకి వచ్చాడు. చెప్పులు విప్పకముందే పట్టుకున్నాను.

"ఒరే, ఆ ట్యాబ్‌కి ఏం చేశావురా?"

"నానేటి సేసాను మావా? నీ కూతురే తాళం ఎయ్యమంది. అనుపు దాకా ఎవులూ లోపలికి ఎల్లకూడదంది. నానూ ఎల్లను బావా, ఒట్టు అంది. సరేనని మార్చీసినాను."

"ఎవరూ అంటే ఎవరు?"

"అది అడగనేదు. దొంగలు తిరుగుతన్నారనుకున్నాను. ఈ రోజుల్లో ఆటల్లో కూడా దొంగలే కదేటి." నా మొహం చూసి తగ్గాడు. "ఏటయినాది మావా?"

హర్షిత పెరట్లో మా అమ్మ పక్కన కూర్చుని వేపమండలు తాడుకి కడుతోంది. వెళ్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"అమ్మకి ఎందుకు తాళం వేశావమ్మా?"

తలెత్తలేదు. మండ మీద మండ కట్టింది.

"అమ్మ దున్నీస్తాది నాన్నా."

"ఏమిటీ?"

"రాట వేసిన మర్నాడే నూతి పక్కన రెండు మడులు దున్నీసింది. నేను చూశాను. మళ్లీ దున్నీస్తాది. అమ్మ చేతులు ఊరుకోవు కదా."

"దున్నొద్దని చెప్పొచ్చుగా?"

"చెప్తే నవ్వుతాది. నవ్వి దున్నీస్తాది."

అది నిజమే. ఇలాంటివాటికి నీలవేణి నవ్వుతుంది. ఎవరినీ నొప్పించేట్టు కాదు, ఊరికే నవ్వుతుంది.

"అక్కడ వార్డులో అందరికీ అమ్మవారేనట," అంది హర్షిత. "అమ్మకి కూడా పోసేస్తే ఎవరు చూస్తారు? నర్సు అమ్మే కదా."

మా అమ్మ చేతిలో వేపమండ కింద పెట్టింది. "మొన్న ముడుపు కడతాను, పసుపుగుడ్డ ఇయ్యి నానమ్మా అంటే ఇచ్చినాను," అంది మెల్లగా. "ఎవులికని అడగనేదురా నాయినా." పిల్లని దగ్గరికి లాక్కుంది. "అమ్మవారు అంత కోపిష్టిది కాదే బంగారూ. నా నోరు మంచిది కాదు."

"కాదని నువ్వు ఇప్పుడు చెప్తన్నావు," అంది హర్షిత, విడిపించుకోకుండానే.

నేను ఆలోచించాను. పెద్దవాణ్ణి కాబట్టి, అదంతా ఏమీ లేదమ్మా అని తాళం తీయించెయ్యొచ్చు. కానీ గోడకి ఆనించిన నా నాగలి అక్కడే కనిపిస్తోంది. నేను నా అదను వదులుకుని నమ్మినదాన్నే నా కూతురు తన పొలంలో నమ్మింది. నాది భక్తి, దానిది పిచ్చి ఎలా అవుతుంది? పైగా ఆ పిల్ల తన కోసం నమ్మలేదు.

నీలవేణి సాయంత్రానికి గానీ దొరకలేదు. గిరిబాబు ఫోన్ నుంచి చేశాను. రెండు మడుల సంగతి, ముడుపు సంగతి, నర్సు అమ్మే కదా అన్న మాట, ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దగా నవ్వుతుందని ఎదురుచూశాను. అవతల నవ్వు రాలేదు. ఎక్కడో ఫ్రిజ్ కాబోలు, గుయ్యిమంటోంది.

"ఉన్నావా?"

"ఉన్నాను." ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "అనుపు ఏ రోజండీ?"

"మంగళవారం."

"అప్పటిదాకా నేను దున్ననని చెప్పండి. ఆ రెండు మడులూ తెలియక దున్నానని, తప్పయిపోయిందని కూడా చెప్పండి."

"పాస్‌వర్డ్ అడగమంటావా?"

"వద్దు, వద్దు. మీరు అడగొద్దు. గిరిని కూడా చెప్పొద్దనండి. దాని పొలం, దాని తాళం."

"మరి సంతకం?"

"ముందు అనుపు కానివ్వండి," అంది.

ఇది హర్షితకి చెప్తే, "నవ్విందా?" అని అడిగింది. లేదన్నాను. నమ్మనట్టు నా మొహం కాసేపు చూసి, మళ్లీ వేపమండల దగ్గరికి వెళ్లింది.

మంగళవారం తల్లిని పొలిమేర దాకా సాగనంపాం. ఘటాలు వెళ్తుంటే హర్షిత తన ముడుపు తీసుకెళ్లి తల్లి పాదాల దగ్గర పెట్టింది. ఏం మొక్కుకుందో ఎవరూ అడగలేదు.

బుధవారం పొద్దున్నే మెట్టకి అరక తోలుకెళ్లాను. మా అమ్మ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. వెనకాల హర్షిత, వాన పడినా తడవకుండా ట్యాబ్‌ని పాలిథిన్ కవర్లో చుట్టి. ఆకాశంలో మబ్బుముక్క లేదు. కాయ కొట్టి ఒక చాలు తోలాను. చాలు చివర ఎడ్లని తిప్పుతుండగా జేబులో ఫోన్ మోగింది. మస్కట్‌లో అప్పటికి తెల్లవారి ఉంటుందంతే. డ్యూటీకి ముందు చేసింది.

ఫోన్ స్పీకర్లో పెట్టి హర్షితకి ఇచ్చాను. ఎప్పటిలా వింటుంది, ఇచ్చేస్తుంది అనుకున్నాను.

"అమ్మా, రాసుకో," అంది హర్షిత.

తల్లి వెళ్లాక దాని నోటినుంచి ఆవిడ విన్న మొదటి మాట అది.

"అమ్మా, వింటన్నావా?"

"ఉన్నానమ్మా... ఆగు ఆగు, ఛార్జర్ పట్టుకోవాలి. వైరు వదిలేస్తే ఆరిపోతుంది ఇది." ఏదో కిందపడిన చప్పుడు. "ఊఁ, చెప్పు."

"పీ."

"పీ."

"పెద్ద పీ అమ్మా, చిన్నది కాదు."

"పెద్ద పీ ఎక్కడుందే... ఆఁ, వచ్చింది."

"ఓ. ఎల్. ఏ. ఎమ్. ఇంకో ఎమ్. ఏ. చివర నా వయసు. అంకె లేకపోతే కుదరదన్నాడు బావ."

నీలవేణి ఒక్కొక్క అక్షరమూ పైకి అంటూ నొక్కుతోంది. ఏం రాస్తోందో తెలిసినప్పుడు మధ్యలో ఆగి, "పోలమ్మా!" అంది.

"నువ్వు అది కొట్టవని తెలుసు," అంది హర్షిత.

మా అమ్మ కొబ్బరిచిప్ప పట్టుకుని బుగ్గ నొక్కుకుంది. "నా కోడలి సేత తల్లి పేరు రాయించడానికి నాను ఎన్నేళ్లు పోరినానురా. ఈ గుంట ఒక్క పూటలో రాయించీసినాది."

"తప్పంటోంది పాపా," అంది నీలవేణి.

"ఎమ్ రెండు కొట్టావా?"

"రెండే కొట్టాను."

"వయసు?"

"ఎనిమిది."

"తొమ్మిదమ్మా! మొన్నే కదా వచ్చింది."

అటువైపు వైరు జారినట్టుంది, కాసేపు గరగరమంది. మళ్లీ గొంతు వచ్చేసరికి అది కాస్త తడిసి ఉంది. "అవును కదూ. తొమ్మిది. నేనే ఎనిమిది దగ్గర ఉండిపోయాను."

ఎడ్లు నిలబడి తలలాడిస్తున్నాయి. నేను మేడి పట్టుకుని అలాగే ఉన్నాను. పీలూ, ఎమ్‌లూ తప్ప ఏమీ లేని ఆ మాటలు ఇంకాసేపు సాగితే బాగుండునని ఉంది.

"వచ్చేసింది!" అంది నీలవేణి. "అయ్యో, కందంతా ఎండిపోయిందే."

"ఎండితే ఎండనీ. మళ్లీ వేసుకుందాం."

"ఏం వెయ్యమంటావు?"

"అందులో నీ ఇష్టం. ఇక్కడ నాన్న గోగు వేస్తన్నాడు. దసరాకి కోత." హర్షిత కాలి బొటనవేలితో నా చాలులోని మట్టి గడ్డ ఒకటి చిదిపింది. "కోతకి నువ్వు రా."

నేను ఫోన్ వైపు ఒక అడుగు వేశాను. మా అమ్మ కూడా.

"నాకొక కొడవలి ఉంచమని చెప్పు మీ నాన్నకి," అంది నీలవేణి. "పదునైనది."

అంతే. సంతకం గురించి ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

హర్షిత ఫోన్ నాకిచ్చి, గట్టు మీద కూర్చుని కవర్ విప్పి ట్యాబ్ తెరిచింది. పొలం కనిపించిందో లేదో, ఆ ఇంగ్లీషు ముక్క వచ్చి పడింది. పిల్ల ట్యాబ్‌ని ఒళ్లో బోర్లించి, చేతులు కట్టుకుంది.

"అమ్మొచ్చింది," అంది.

ఆ మాట సంగతి మా అమ్మకి బాగా తెలుసు. అయినా సరే, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊరి దారి వైపు చూసింది.